టన్నెల్ వ్యూలో 16 ఎంఎం ఎందుకు ఓడిపోతుంది: యోసెమిటీ ట్రిప్‌కి లెన్సుల ఎంపిక, ఒక కేస్ స్టడీ

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉండే ఒక తెలుగు జంట, విజయవాడ నుంచి వచ్చిన అమ్మానాన్నలతో కలిసి మే నెల మధ్యలో నాలుగు రోజులు యోసెమిటీ నేషనల్ పార్కుకి వెళ్లాలనుకున్నారు. కారులో నాలుగు గంటల దారి, బస లోయలోనే. పెద్దాయనకి మోకాళ్ల నొప్పులు. అందుకని కొండలెక్కే ట్రయల్స్ ఏవీ పెట్టుకోలేదు. కారు ఆపిన చోటి నుంచి పది నిమిషాలకి మించి నడక లేదు. కెమెరా క్యానన్ ఆర్6 మార్క్ 2, 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ (సెన్సర్ 36×24 ఎంఎం). దాంతోపాటు కొన్న ఆర్‌ఎఫ్ 24-105 ఎఫ్/4 ఎల్ తప్ప వేరే లెన్సు లేదు. (24-105 అంటే లెన్సు ఎంఎం పరిధి: అంకె చిన్నదైతే దృశ్యం వెడల్పుగా పడుతుంది, పెద్దదైతే దూరపుది దగ్గరగా. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లోపలికి అంత ఎక్కువ వెలుగు.) ల్యాండ్‌స్కేప్ అంటే వైడే (వెడల్పుగా పట్టే లెన్సే) కదా అని ఆర్‌ఎఫ్ 15-35 ఎఫ్/2.8 ఎల్ అద్దెకి ఖాయం చేసుకోబోతూ, అది చాలుతుందా అని మమ్మల్ని అడిగారు. షరతులు రెండే: అద్దె లెన్సులు రెండుకి మించకూడదు, బాడీతో కలిపి కెమెరా సామాను 3 కిలోలు దాటకూడదు.

చివరికి వెళ్లినవి ఇవి: ఉన్న 24-105 ఎఫ్/4, దానికి తోడు 70-200 ఎఫ్/4 ఎల్, 14-35 ఎఫ్/4 ఎల్. ప్రాధాన్యం కూడా ఇదే వరస. అద్దెకి ఒక్క లెన్సే కుదిరే పరిస్థితి ఉంటే 70-200 వెళ్లేది, వైడ్ ఉండిపోయేది. ఈ వరస చూసి చాలామంది కనుబొమలు ఎగరేస్తారు కాబట్టి, లెక్కలతో సహా వివరంగా రాస్తున్నాం.

నిలబడే చోటు ముందు, లెన్సు తర్వాత

"ల్యాండ్‌స్కేప్‌కి ఏ లెన్సు మంచిది" అనే ప్రశ్నకి జవాబు లేదు. "నన్ను నిలబడనిచ్చే చోటి నుంచి ఆ కొండ ఎన్ని డిగ్రీలు ఉంటుంది" అని అడిగితే జవాబు ఉంది. నేషనల్ పార్కులో మనం నిలబడే చోటు మన చేతిలో ఉండదు. ఒకవైపు రైలింగ్, ఇంకోవైపు నది, ముందు లోయ. నాలుగడుగులు ముందుకి వేసి జూమ్ చేసినట్టు సరిపెట్టుకుందామంటే, టన్నెల్ వ్యూ అనే చోటి నుంచి హాఫ్ డోమ్ అనే రాతికొండ 13 కిలోమీటర్లు.

డిగ్రీలు తెలుసుకోవడానికి యాప్ ఉంటే మంచిదే, ఫొటోపిల్స్ లాంటివి తెరమీద ఫ్రేము గీసి మరీ చూపిస్తాయి. లేకపోయినా చెయ్యి ఉంది. చేతిని బారుగా చాపి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. వేళ్లు విప్పి జాన పెడితే, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా దాదాపు 20. తీయాలనుకున్న దృశ్యం అడ్డంగా ఎన్ని జానలో కొలిచి, 2000ని ఆ డిగ్రీలతో భాగిస్తే ఫుల్‌ఫ్రేమ్‌లో కావలసిన ఫోకల్ లెంగ్త్ (లెన్సు ఎంఎం) వస్తుంది. రెండు జానలు అంటే 40 డిగ్రీలు, 50 ఎంఎం. ఒక పిడికిలి అంటే 200 ఎంఎం. 50 డిగ్రీల దాకా ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. అది దాటితే పట్టిక చూసుకోవాలి: 24 ఎంఎంకి 74 డిగ్రీలు, 20కి 84, 16కి 97, 14కి 104.

కొండ ఫొటోలో ఎంత పెద్దగా పడుతుందన్నది రెండో లెక్క. ఫోకల్ లెంగ్త్‌ని కొండ ఎత్తుతో గుణించి దూరంతో భాగిస్తే, సెన్సర్ మీద అది ఎన్ని మిల్లీమీటర్లో తెలుస్తుంది. ఆర్6 మార్క్ 2 సెన్సర్ వెడల్పు 36 ఎంఎం, అందులో 6000 పిక్సెళ్లు. అంటే మిల్లీమీటరుకి 167.

టన్నెల్ వ్యూ, అంకెల్లో

1933లో తెరిచిన వవోనా సొరంగం తూర్పు చివర ఉండే ఈ పార్కింగ్ నుంచి ఎడమన ఎల్ కాపిటాన్ అనే రాతిగోడ, కుడిన బ్రైడల్‌వీల్ జలపాతం, మధ్యలో దూరంగా హాఫ్ డోమ్ కనిపిస్తాయి. మ్యాపు మీద కోణాలు తీస్తే ఎల్ కాపిటాన్ శిఖరం నుంచి బ్రైడల్‌వీల్ దాకా 28 డిగ్రీలే. పిడికిళ్లలో మూడుకి కాస్త తక్కువ. కళ్లముందు లోయంతా పరుచుకుని ఉండేసరికి ఎవరూ నమ్మరు, అందుకే అక్కడికి వెళ్లగానే చెయ్యి చాపి కొలవమన్నాం. 28 డిగ్రీలంటే 70 ఎంఎంలో అంచులు తగులుతూ సరిపోతుంది. ఎల్ కాపిటాన్ ఎడమ భుజం, జలపాతానికి కుడివైపు రాళ్లు కూడా కావాలంటే 40 నుంచి 50. మబ్బులు బాగుండి ఆకాశం ఎక్కువ కావాలంటే 35.

ఇప్పుడు హాఫ్ డోమ్ సంగతి. దాని నిలువు ముఖం దాదాపు 600 మీటర్లు, దూరం 13,000 మీటర్లు. 16 ఎంఎంలో సెన్సర్ మీద 0.74 ఎంఎం, అంటే 123 పిక్సెళ్లు. నిలువునా 4000 పిక్సెళ్లున్న ఫొటోలో 123. ఫోన్ తెరమీద చూస్తే బియ్యపుగింజంత. 35 ఎంఎంలో 269, 70లో 538, 200లో 1538. అదే చోట, అదే నిమిషంలో తీసిన ఫొటోలో పన్నెండు రెట్లు తేడా. 16 ఎంఎం ఫ్రేములో మిగిలిన చోటంతా ఏం నిండుతుందంటే, కింద రాతిగోడ, దాని కిందినుంచి లేచిన పైన్ చెట్లు, పైన ఖాళీ ఆకాశం. "అక్కడ ఎంత బాగుందో, ఫొటోలో ఏమీ రాలేదు" అని ఊరికి తిరిగొచ్చాక వినిపించే మాటకి కారణం చాలావరకు ఇదే.

105తో తీసి క్రాప్ చేసుకోవచ్చు కదా, 70-200 ఎందుకు అన్నది న్యాయమైన ప్రశ్నే. 105లో తీసి 200 అంతకి కోస్తే 24 మెగాపిక్సెళ్లలో 6.6 మిగులుతాయి. వాట్సాప్‌కి అది ఎక్కువే. కానీ హాల్లో పెట్టుకోవడానికి పెద్ద ప్రింటు కావాలని వాళ్లు ముందే చెప్పారు. దానికి చాలదు.

టెలీతో (దూరాన్ని దగ్గర చేసే లెన్సుతో) ల్యాండ్‌స్కేప్ తీయడం కొత్త పైత్యమేమీ కాదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1960 డిసెంబర్‌లో ఇదే లోయ నుంచి హాఫ్ డోమ్ పక్కన చంద్రుణ్ణి తీసింది హాసెల్‌బ్లాడ్ అనే పెద్ద ఫిల్ము కెమెరా మీద 250 ఎంఎం లెన్సుతో. ఫుల్‌ఫ్రేమ్‌లోకి మార్చుకుంటే దాదాపు 137 ఎంఎం.

ఎఫ్/2.8 ఎందుకు వద్దన్నాం

ల్యాండ్‌స్కేప్‌కి పగలు వాడేది ఎఫ్/8 నుంచి ఎఫ్/11. ఎఫ్/2.8 కోసం మోసే గాజు అక్కడ ఊరికే బరువు. బరువులు చూడండి: 14-35 ఎఫ్/4 540 గ్రాములు, 24-105 ఎఫ్/4 700, 70-200 ఎఫ్/4 695. మూడూ కలిపి 1935 గ్రాములు, 670 గ్రాముల బాడీతో 2605. ఫిల్టర్లు, అదనపు బ్యాటరీలు వేసినా 3 కిలోల లోపే. ఎఫ్/2.8 త్రయం, అంటే 15-35, 24-70, 70-200, లెన్సులే 2810 గ్రాములు.

దానికన్నా పెద్ద లాభం ఫిల్టర్ సైజు. పై మూడు ఎఫ్/4 లెన్సులకీ ఫిల్టర్ బిగించే మర 77 ఎంఎం. ఒక పోలరైజర్ (ప్రతిఫలనాలు తగ్గించే ఫిల్టర్), ఒక 6 స్టాపుల ఎన్‌డీ (వెలుగు తగ్గించే నల్ల ఫిల్టర్, ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది) కొంటే మూడింటికీ సరిపోతాయి. 15-35 ఎఫ్/2.8 తీసుకుని ఉంటే దానికి 82 ఎంఎం, మళ్లీ ఇంకో జత. ఫిల్టర్ సైజు చూడకుండా లెన్సులు ఎంచుకుని, అక్కడ జలపాతం ముందు మర కలవక చేతులు పిసుక్కునేవాళ్లు తక్కువేం కాదు.

ఎఫ్/4కి నష్టం ఒక్కటే, రాత్రి ఆకాశం. పాలపుంతే లక్ష్యమైతే మా జవాబు మారేది. మేలో పాలపుంత నడిబొడ్డు పైకి రావడం అర్ధరాత్రి దాటాకే, పెద్దవాళ్లతో వెళ్లిన ట్రిప్‌లో అది జరిగే పని కాదు. అంతగా కావాలంటే 165 గ్రాముల ఆర్‌ఎఫ్ 16 ఎంఎం ఎఫ్/2.8 జేబులో పడేసుకోవచ్చు. వీళ్లు వద్దన్నారు.

70-200కి బదులు ఆర్‌ఎఫ్ 100-400 ఎఫ్/5.6-8 కూడా లెక్కలోకి వచ్చింది. 635 గ్రాములు, ధర బాగా తక్కువ, దూరానికి అందే శక్తి రెట్టింపు. అక్కడి ఎండాకాలమైతే (జూలై, ఆగస్టు) అదే తీసుకోమనేవాళ్లం. మేలో జలపాతాల తుంపర ఎక్కువ, ఆ లెన్సుకి నీటి నుంచి రక్షణ సీళ్లు లేవు. పైగా 70 నుంచి 100 మధ్య ఫ్రేముకి ప్రతిసారీ లెన్సు మార్చాలి. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి: ఆర్‌ఎఫ్ 70-200 ఎఫ్/4కి టెలికన్వర్టర్ (ఫోకల్ లెంగ్త్ పెంచే అదనపు గాజు) పట్టదు, 200 దగ్గర ఆగిపోవాల్సిందే. దానికి ట్రైపాడ్ కాలర్ కూడా లేదు, బాడీనే ట్రైపాడ్‌కి బిగించాలి. 695 గ్రాములే కాబట్టి మౌంట్‌కి ఇబ్బంది లేదు.

క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరా వాళ్లు పై అంకెల్ని క్యానన్ అయితే 1.6తో, సోనీ, నికాన్ అయితే 1.5తో భాగించుకుంటే చాలు. కెమెరాతో వచ్చిన 18-55కి ఒక పాత 55-250 తోడైతే ఈ పార్కులో ముప్పాతిక పని అయిపోతుంది.

అద్దె లెన్సుని ఇంటి దగ్గరే పరీక్షించడం

లెన్సులు ట్రిప్‌కి ఒకరోజు ముందు తెచ్చుకోమన్నాం, వెళ్లే రోజు పొద్దున కాదు. అద్దె లెన్సులు చాలా చేతులు మారతాయి. కింద పడిన లెన్సు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల ఒక గాజు పలక కాస్త పక్కకి జరిగి ఉంటుంది. దాని లక్షణం: ఫ్రేములో ఒక మూల మాత్రమే మసకగా ఉంటుంది. పట్టుకోవడం తేలిక. ట్రైపాడ్ మీద పెట్టి, వంద మీటర్లకి పైగా దూరంలో ఉన్న చెట్లని ఎఫ్/4లో ఒకటి, ఎఫ్/8లో ఒకటి తీయాలి. అదే వస్తువుని ఫ్రేములో నాలుగు మూలలకీ తిప్పి తీసి, 100 శాతం పెద్దది చేసి చూడాలి. నాలుగూ సమానంగా మెత్తగా ఉంటే అది లెన్సు స్వభావం. ఒకటి మాత్రమే చెడి, ఎఫ్/8లో కూడా తేరుకోకపోతే లెన్సు మార్చుకోవాలి. వీళ్లకి మొదట ఇచ్చిన 14-35 కుడి పైమూల 14 దగ్గర అలాగే తేలింది. అదే రోజు వేరేది తెచ్చుకున్నారు.

14 ఎంఎం దగ్గర ఈ లెన్సు గీతల్ని బాగా వంచుతుంది, దాన్ని సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది. రా ఫైల్‌ని (సరిచేయని ముడి ఫొటోని) లెన్సు ప్రొఫైల్ (ఆ వంపు సరిచేసే సెట్టింగు) లేకుండా తెరిచి, మూలలు నల్లగా ఉన్నాయని కంగారు పడక్కర్లేదు.

లోయలో, చోటు చోటుకీ

మే మధ్యలో టయోగా రోడ్డు సాధారణంగా ఇంకా మంచులోనే ఉంటుంది, కాబట్టి ఆ దారిలోని టువాలమీ మైదానాలు ప్లానులో లేవు. లోయ పైఅంచున ఉండే గ్లేసియర్ పాయింట్‌కి వెళ్లే రోడ్డు మేలో తెరుచుకుంటుంది, మంచు ఎక్కువ పడిన ఏడాది ఆలస్యమవుతుంది. వీళ్ల అదృష్టం, తెరిచే ఉంది.

నది ఒడ్డునుండే వ్యాలీ వ్యూ అనే చోట వైడ్ తన కూలి తను సంపాదించుకుంది. ఎల్ కాపిటాన్ ఎడమ అంచు నుంచి బ్రైడల్‌వీల్ దాకా ఇక్కడ సుమారు 60 డిగ్రీలు, పైగా మెర్సెడ్ నది ఒడ్డు కాళ్లముందే. మేలో నది ఉరకలు వేస్తుంది, అద్దంలాంటి ప్రతిబింబం దొరకదు. కాబట్టి ముందుభాగంలో రాయో, నీటి సుడో ఉండాలి. 20 ఎంఎం, ఎఫ్/11. ఫోకస్ 1.2 మీటర్ల దగ్గర పెడితే 60 సెంటీమీటర్ల నుంచి కొండ దాకా పదునుగా వస్తుంది. ఫోకస్ నేరుగా కొండ మీద పెట్టడం ఇక్కడ మామూలు పొరపాటు. దాంతో దగ్గరి రాయి మెత్తబడుతుంది. మెత్తబడిందని ఎఫ్/22కి వెళ్తారు. ఎఫ్/22లో వివర్తనం (సన్నని రంధ్రం గుండా వెళ్లే వెలుగు చెదరడం) వల్ల చుక్క పరిమాణం సెన్సర్ మీద దాదాపు 30 మైక్రాన్లు, ఈ కెమెరా పిక్సెల్ 6. రాయి బాగుపడదు, కొండ కూడా చెడుతుంది.

ఎల్ కాపిటాన్ మైదానంలో వైడ్‌కి ఇంకో కారణం. గోడ ఎత్తు 900 మీటర్లు, మైదానం నుంచి శిఖరం దాదాపు 45 డిగ్రీల పైకి ఉంటుంది. కెమెరాని పైకి ఎత్తితే చుట్టూ ఉన్న పైన్ చెట్లు లోపలికి వాలిపోయి, కొండ వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. ఎత్తకుండా తీయాలి. కెమెరాని నిలువుగా తిప్పి, ఎలక్ట్రానిక్ లెవెల్ చూసి బల్లపరుపుగా పెట్టి 14 ఎంఎంలో తీస్తే మధ్య గీత నుంచి పైకి 52 డిగ్రీలు వస్తాయి. శిఖరం పడుతుంది, చెట్లు నిటారుగా ఉంటాయి. కింది సగం గడ్డి. కావాలంటే ఉంచుకోవచ్చు, లేదంటే కోసి చతురస్రం చేసుకోవచ్చు. 24 ఎంఎం నిలువులో పైకి 37 డిగ్రీలే, కెమెరా ఎత్తక తప్పదు. పెద్దాయన అడిగిన ప్రశ్నకి కూడా ఇక్కడే జవాబు: గోడ మీద ఎక్కేవాళ్లు 200 ఎంఎంలో కనిపిస్తారా? కనిపిస్తారు, 50 పిక్సెళ్లంత. ఫొటోకి కాదు, చూపించి ఆశ్చర్యపోవడానికి.

బ్రైడల్‌వీల్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ట్రిప్‌లో పాడైన ఫ్రేములు ఎక్కువగా ఇక్కడివే.

పార్కింగ్ నుంచి జలపాతం అడుగుకి నడక చిన్నదే. మే నీటికి అక్కడ గాలివాన. 14-35 పెట్టుకుని వెళ్లారు, తుడిచిన గాజు మూడు నాలుగు సెకన్లలో చుక్కలతో నిండిపోయింది. వెనక తెరమీద చూస్తే అంతా బాగున్నట్టే ఉంది. వైడ్ లెన్సుతో ఎఫ్/11లో తీస్తే గాజు మీది చుక్కలు గుండ్రటి మచ్చల్లా ఫొటోలో పడతాయి, చిన్న తెరమీద అవి తుంపరలో కలిసిపోతాయి. గదికి వచ్చి ల్యాప్‌టాప్‌లో చూస్తేగానీ తెలియలేదు. తుంపరలో తీసే పద్ధతి ఇది: ట్రైపాడ్ మీద ఫ్రేము, ఫోకస్ ముందే సరిచేసి మాన్యువల్‌లో పెట్టి, గాజు మీద పొడి మైక్రోఫైబర్ గుడ్డ కప్పి ఉంచాలి. గాలి ఒక్క క్షణం తగ్గగానే గుడ్డ తీసి, రెండు మూడు ఫ్రేములు, మళ్లీ కప్పేయాలి. గుడ్డలు కనీసం నాలుగు ఉండాలి. తడిసిన గుడ్డతో తుడిస్తే నీరు పరుచుకుంటుంది అంతే. అక్కడ లెన్సు మార్చే ఆలోచనే రాకూడదు.

మర్నాడు తడవకుండానే తీశారు. 700 మీటర్ల దూరంలో, రోడ్డు పక్క మైదానం నుంచి. జలపాతం ఎత్తు 188 మీటర్లు. 100 ఎంఎంలో నిలువు ఫ్రేములో 27 ఎంఎం పడుతుంది, ఉన్న 36లో. పైన కాస్త కొండ, కింద చెట్ల తలలు, కొలిచినట్టు సరిపోతుంది. ఈ ఫొటో 70-200ది, అడుగున తడిసి తీసినవాటి కన్నా చాలా మెరుగు. షట్టర్ విషయంలో ఒక మాట: ఈ నీటిధార సన్నంగా, గాలికి అటూ ఇటూ ఊగుతుంది. ఎన్‌డీ పెట్టి 2 సెకన్లు తీస్తే ధార చెరిగిపోయి తెల్లటి పొగ మిగులుతుంది. సెకనులో నాలుగో వంతు నుంచి సగం దాకా ఆగితే నీటి పోగులు విడివిడిగా నిలుస్తాయి. దానికి పోలరైజర్ మింగే ఒకటిన్నర స్టాపులే చాలావరకు సరిపోతాయి, ఎన్‌డీ అక్కర్లేకపోయింది.

పోలరైజర్‌తో సాయంత్రం ఇంకో వింత. ఎండ వాలేటప్పుడు ఈ జలపాతం మీద ఇంద్రధనుస్సు వస్తుంది, దాని వెలుగు ధ్రువితమైనది (ఒకే దిశలో కంపించేది). ఫిల్టర్‌ని ఒకవైపు తిప్పితే రంగులు చిక్కబడతాయి, 90 డిగ్రీలు తిప్పితే ఇంద్రధనుస్సే మాయమవుతుంది. మొదటి పది ఫ్రేముల్లో లేదు, పదకొండో దాంట్లో ఉంది. వచ్చిందనుకున్నారు, అప్పటిదాకా ఫిల్టరే దాచింది.

అదే పోలరైజర్ వైడ్ లెన్సు మీద ఆకాశంతో పెడితే నష్టమే. సూర్యుడికి 90 డిగ్రీల దిక్కున ఆకాశం బాగా నల్లబడి, మిగతాచోట్ల మామూలుగా ఉంటుంది. 16 ఎంఎం ఫ్రేములో 97 డిగ్రీల ఆకాశం ఉంటుంది కాబట్టి మధ్యలో ముదురు నీలం పట్టీ కనిపిస్తుంది. ఎడిటింగ్‌లో దాన్ని చెరపడం నరకం. 35 కన్నా వెడల్పయితే ఆకాశం ఉన్న ఫ్రేములో పోలరైజర్ తీసేయమన్నాం. తడి రాళ్లు, ఆకులు మాత్రమే ఉంటే ఎంత వైడ్ అయినా ఉంచవచ్చు.

సెంటినెల్ బ్రిడ్జి నుంచి హాఫ్ డోమ్ 5 కిలోమీటర్లు. నది, చెట్లు, డోమ్ కలిపి కావాలంటే నిలువుగా 35 ఎంఎం. డోమ్ ముఖం ఒక్కటే కావాలంటే 200 ఎంఎంలో లెక్క సరిగ్గా 24 ఎంఎం, అంటే అడ్డ ఫ్రేము ఎత్తు మొత్తం నిండిపోతుంది. సాయంత్రం చివరి వెలుగు ఆ రాయి మీద పడేటప్పుడు అదే ఫ్రేము. అక్కడ తొలిరోజు తీసిన 200 ఎంఎం ఫొటోలన్నీ కాస్త కదిలాయి, ట్రైపాడ్ ఉన్నా సరే. కారణం బ్రిడ్జి. కారు వెళ్లినప్పుడల్లా వంతెన వణుకుతుంది, అది ఆగడానికి కొన్ని సెకన్లు పడుతుంది. కుక్స్ మైదానంలోని చెక్క నడకదారి ఇంకా ఘోరం, ఇరవై అడుగుల అవతల ఎవరు నడిచినా ట్రైపాడ్ ఊగుతుంది. బ్రిడ్జి మీద కారు వెళ్లాక ఐదు లెక్కపెట్టి, 2 సెకన్ల టైమర్‌తో తీయాలి. చెక్క దారి మీద ఎవరూ కదలని క్షణం కోసం ఆగాలి, లేదా ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 800కి పెంచి షట్టర్ వేగం పెంచుకోవాలి.

కుక్స్ మైదానంలో మే నీళ్లు నిలిచిన మడుగులు ఉంటాయి. నదిలో దొరకని ప్రతిబింబం అక్కడ దొరుకుతుంది. యోసెమిటీ జలపాతం మొత్తం 739 మీటర్లు, ఇక్కడి నుంచి దాదాపు కిలోమీటరున్నర. నిలువుగా 35 ఎంఎం సరిపోతుంది, ప్రతిబింబం కూడా కావాలంటే 20కి దిగి, కెమెరాని నీటికి జానెడు ఎత్తులో పెట్టాలి.

డాగ్‌వుడ్ పూలు ప్లానులో లేవు. నది పక్కన తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. 70-200 కనీస ఫోకస్ దూరం 60 సెంటీమీటర్లు, వేరే మాక్రో లెన్సు అక్కర్లేకుండానే పని నడిచింది.

దూరపు టెలీ ఫొటోలకి మధ్యాహ్నం పనికిరాదు. 13 కిలోమీటర్ల గాలి మధ్యలో ఉంది, ఎండెక్కాక అది పొయ్యి మీది గాలిలా అలలాడుతుంది. ఏ లెన్సు పెట్టినా హాఫ్ డోమ్ అంచులు కరిగినట్టే వస్తాయి. టన్నెల్ వ్యూ తూర్పు ముఖం కాబట్టి పొద్దున ఎదురెండ, వెలుగు సరిగ్గా పడేది సాయంత్రమే. మే మధ్యలో సూర్యాస్తమయం రాత్రి 8 గంటల ప్రాంతంలో.

బ్యాగ్ గురించి ఒక చిన్న హెచ్చరిక, లెన్సులతో సంబంధం లేనిది. కెమెరా బ్యాగ్ పక్క జేబులో పెట్టిన జంతికల ప్యాకెట్‌ని రాత్రి కారులో వదిలేయకూడదు. చీకటి పడ్డాక కారులో తిండి ఉంచడం యోసెమిటీలో నిబంధనలకి విరుద్ధం, ఎలుగుబంట్లు అద్దాలు పగలగొడతాయి. బస దగ్గర ఇనప లాకర్లు ఉంటాయి, వాసన వచ్చేవన్నీ అందులోకే.

అమ్మానాన్నల వెనక హాఫ్ డోమ్

ప్రింటుకి వెళ్లిన ఫొటో ఇది, గ్లేసియర్ పాయింట్‌లో తీసింది. ఇక్కడి నుంచి హాఫ్ డోమ్ 4 కిలోమీటర్లు. మామూలుగా అందరూ తీసే తీరు: 24 ఎంఎం, మనుషులు మూడు మీటర్ల అవతల రైలింగ్‌కి ఆనుకుని. మనిషి ఫ్రేములో సగం ఎత్తు రావాలంటే 24 ఎంఎంలో 3.2 మీటర్ల దూరంలో నిలబడాలి. అప్పుడు డోమ్ ముఖం సెన్సర్ మీద 3.6 ఎంఎం, ఫ్రేము ఎత్తులో దాదాపు ఏడో వంతే. వెనక ఏదో గుట్ట ఉన్నట్టు ఉంటుంది.

70 ఎంఎం పెట్టి వాళ్లకి 9.3 మీటర్ల దూరానికి వెనక్కి జరిగితే మనుషులు అదే సైజు, సగం ఎత్తు. డోమ్ మాత్రం 10.5 ఎంఎంకి పెరుగుతుంది, ఫ్రేము ఎత్తులో 44 శాతం. కొండ వాళ్ల భుజాల వెనక లేచి నిలబడినట్టు వస్తుంది. 100 ఎంఎంతో 13 మీటర్ల దూరానికి వెళ్తే 62 శాతం, కానీ అక్కడ డెప్త్ (పదునుగా పడే దూరాల పరిధి) చాలదు. మనుషుల మీద ఫోకస్ పెడితే ఎఫ్/11లో కూడా కొండ మెత్తబడుతుంది. 70 దగ్గర ఆ చిక్కు తప్పించుకోవచ్చు. ఎఫ్/11లో ఫోకస్‌ని మనుషుల మీద కాకుండా 15 మీటర్ల దగ్గర పెట్టాలి, అప్పుడు ఏడున్నర మీటర్ల నుంచి కొండ దాకా అంతా ఆమోదయోగ్యమైన పదునులో ఉంటుంది, 9.3 మీటర్ల దగ్గరున్న మనుషులు అందులోనే పడతారు. మాన్యువల్ ఫోకస్‌కి మారిస్తే ఈ కెమెరా తెరమీద దూరపు స్కేలు చూపిస్తుంది. కంటి ఆటోఫోకస్ ఆపేయడం మరవకూడదు, లేదంటే అది మనుషుల మొహాల్నే పట్టుకుంటుంది.

తొమ్మిది మీటర్ల ఖాళీలో జనం నడుస్తూనే ఉంటారు. ట్రైపాడ్ మీద ఫ్రేము కదలకుండా పెట్టి, అమ్మానాన్నలు మాట్లాడుకుంటూ ఉండగా పదిహేను ఇరవై ఫ్రేములు తీసి, ఎవరూ అడ్డులేనివి రెండు ఉంచుకున్నారు. 24-105 తోనే.